ఎమ్‌ఎమ్ 540కి మారు ఇంజను: ఏది సరిపోయింది, ఏది సరిపోలేదు, ఎంత ఖర్చైంది

బండి: మహీంద్రా ఎమ్‌ఎమ్ 540 జీపు. మా నాన్నగారు ప్రభుత్వ వేలంలో కొన్నారు. నర్సీపట్నంలో ఉంటుంది. నెలలో సగం రోజులు చింతపల్లి, లంబసింగి, పాడేరు ఘాట్ల మీద తిరుగుతుంది. ఇందులో ఉన్నది ప్యూజో ఎక్స్‌డీపీ 4.90 డీజిల్ ఇంజను: బోరు (సిలిండరు వ్యాసం) 90 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 83 మి.మీ., 2112 సీసీ. పుస్తకం ప్రకారం నిమిషానికి 4500 చుట్ల దగ్గర 62 హార్స్ పవర్.

ఇదే బండి ఉన్నవారు నా కొలతలను వాడుకోవచ్చు. అయితే ముప్పై ఏళ్లు దాటిన జీపులో ఎవరెవరు ఏమేమి మార్చారో తెలియదు కాబట్టి, ప్రతి అంకెనూ మీ బండి మీద ఒకసారి సరిచూసుకోండి.

దశ 1: పాత ఇంజను నిజంగా పోయిందా?

ఘాటు ఎక్కుతుంటే నీళ్లు మరిగేవి. రేడియేటరు మూతలో బుడగలు వచ్చేవి. ఇంజను మార్చాలన్న నిర్ణయం చివరిది కావాలి కాబట్టి ముందు పరీక్షలు చేశాను.

1. ఇంజను వేడిగా ఉండగా కంప్రెషన్ చూశాను. నాలుగు సిలిండర్లలో వరుసగా 24, 23, 14, 15 బార్.
2. హెడ్డు దించి, సరళపట్టీ పెట్టి, ఫీలర్ గేజీతో వంపు చూశాను. 3, 4 సిలిండర్ల మధ్య 0.22 మి.మీ.
3. బ్లాకు పైభాగాన్ని శుభ్రంగా కడిగి, పగుళ్లు చూపించే ఎర్ర రంగు చల్లాను. 3, 4 సిలిండర్ల మధ్య జుట్టంత సన్నని గీత కనిపించింది. పావుగంటలో అది లైనరు (సిలిండరు లోపలి తొడుగు) కూర్చునే గట్టు దాకా పాకింది.

హెడ్డు వంపు మాత్రమే అయితే చెక్కించి సరిచేసేవాణ్ని. ఈ ఇంజనులో లైనర్లు నీళ్లలో మునిగి ఉంటాయి, ఒక్కొక్కటీ విడిగా మార్చుకోవచ్చు. అది దీనిలోని గొప్ప సుఖం. కానీ ఆ గట్టే పగిలాక కొత్త లైనరు వేసినా నీళ్లు సంపులోకి, అంటే ఇంజను అడుగున ఆయిల్ ఉండే తొట్టిలోకి దిగుతాయి. బ్లాకు పోయింది.

ఖర్చు: రంగు డబ్బాలు 1,400, గేజీకి అడాప్టరు 1,100, లేతు షాపులో హెడ్డు పరీక్ష 600.
మొత్తం ఇప్పటికి: రూ. 3,100.

దశ 2: ఇంజను వెతికే ముందు జీపును కొలవడం

చాలామంది ముందు ఇంజను కొంటారు, తర్వాత దాన్ని ఇరికిస్తారు. నేను వారం రోజులు టేపుతో జీపు కిందే పడుకున్నాను. ఈ పనిలో అత్యంత విలువైన వారం అదే.

1. ఛాసిస్ పట్టాల మధ్య లోపలి వెడల్పు: 640 మి.మీ.
2. రేడియేటరు వెనక ముఖం నుంచి ఫైర్‌వాల్ వరకు: 790 మి.మీ.
3. టైరు 6.00-16. చక్రం మీదా నేల మీదా సుద్దతో గుర్తు పెట్టి, మనిషి కూర్చుని ఉండగా బండిని ఒక చుట్టు తోయించాను: 2.22 మీటర్లు.
4. వెనక ఇరుసు హౌసింగు మూత విప్పి పళ్లు లెక్కపెట్టాను. క్రౌన్ (పెద్ద పళ్లచక్రం) 43, పినియన్ (చిన్నది) 8. అంటే ఇరుసు నిష్పత్తి 5.38.

మూత విప్పడం ఇష్టం లేనివారికి ఇంకో మార్గం ఉంది. ఒక వెనక చక్రాన్ని నేల మీద ఉంచి, రెండోదాన్ని జాకీతో లేపి, గేరు న్యూట్రల్‌లో పెట్టండి. గాలిలో ఉన్న చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పి, ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇరుసుకు శక్తి తెచ్చే పొడవాటి కడ్డీ) ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. ఆ అంకే నిష్పత్తి. ఒక్క చుట్టు తిప్పితే సగమే వస్తుంది, చాలామంది పొరబడేది అక్కడే.

ఇక నాలుగో గేరులో వేగం లెక్క. ఇంజను చుట్లను 5.38తో భాగించి, 2.22తో గుణిస్తే నిమిషానికి ఎన్ని మీటర్లో వస్తుంది. గంటకు 60 కిలోమీటర్లు వెళ్లాలంటే ఇంజను 2420 చుట్లు తిరగాలి. 4500 చుట్ల ఎక్స్‌డీపీకి అది సగానికి కొంచెం ఎక్కువ. 3200 చుట్లకే ఆగిపోయే ఇంజను పెడితే అది మూడొంతులు. అప్పుడు జీపు గరిష్ఠ వేగం 79 కిలోమీటర్లు. ఈ ఒక్క లెక్క తర్వాతి నెలల్లో నా చేత మూడు నిర్ణయాలు తీయించింది.

దశ 3: నాలుగు ఇంజన్లు, ఒక్కొక్కదాని మీద నా తీర్పు

కాంటెసా పెట్రోలు ఇంజను, ఇసుజు 1.8. 1817 సీసీ, తేలిక, నున్నగా తిరుగుతుంది. జీపుల్లో దీన్ని పెట్టినవారు చాలామంది ఉన్నారు. నేను వద్దనుకున్నాను. ఇంధనం మారితే రిజిస్ట్రేషన్ కాగితంలో మార్పు ఇంకా పెద్దదవుతుంది. కాంటెసా తయారీ 2002లోనే ఆగిపోయింది. వాగులు దాటే బండికి స్పార్కు తడవడం ఇంకో బెంగ.

కొత్త తరం సీఆర్‌డీఈ డీజిల్. ఇది కంప్యూటరు నడిపే కామన్ రైల్ ఇంజను. శక్తి విషయంలో దీనికి సాటి లేదు. కానీ ఇంజనుతో పాటు దాని కంప్యూటరు, వైర్ల కట్ట, సెన్సర్లు, పెడలు, తాళంచెవి రక్షణ వ్యవస్థ అన్నీ రావాలి. ఫోను సిగ్నలు అందని ఘాటులో ఒక సెన్సరు ఆగితే నా దగ్గరున్న పానాలు పనికిరావు.

ప్యూజో ఎక్స్‌డీ3పీ. బోరు 94, స్ట్రోకు 90, 2498 సీసీ. నా పాత ఇంజనుకు అన్న లాంటిది. నా మనసు మొదట దీని మీదే నిలిచింది. చుట్లు తిరిగే స్వభావం ఒకటే, 5.38 నిష్పత్తిని మార్చనక్కరలేదు. రెండు ఇంజన్లు చూశాను. ఒకదాని హెడ్డుకు వెల్డింగు మచ్చలున్నాయి. రెండోదాని బ్లాకు తుప్పుతో గుంటలు పడింది.

మహీంద్రా ఎమ్‌డీఐ 2523 సీసీ. బోరు 88.9, స్ట్రోకు 101.6. ఈ అంకెలను అంగుళాల్లోకి మారిస్తే మూడున్నర, నాలుగు. ట్రాక్టరు వంశం నుంచి వచ్చిన ఇంజను అని కొలతలే చెబుతాయి. 3200 చుట్లకు మించి తిరగదు, బరువెక్కువ, కంపనం ఎక్కువ. డీజిల్ నేరుగా సిలిండరులోకే చిమ్ముతుంది కాబట్టి చలిలోనూ సులువుగా అంటుకుంటుంది. లంబసింగిలో శీతాకాలపు తెల్లవారుజామున హీటరు ప్లగ్గుల కోసం ఎదురుచూసినవారికి ఈ మాట విలువ తెలుస్తుంది.

ఎక్స్‌డీ3పీ, ఎమ్‌డీఐ మధ్య ఎటూ తేలకపోతే ఒక పరీక్ష పెట్టుకున్నాను. ఐదు విడిభాగాల చీటీ రాశాను: నీళ్ల పంపు, హెడ్ గ్యాస్కెట్, క్లచ్ ప్లేటు, నాజిల్, క్రాంకు వెనక ఆయిల్ సీలు. నర్సీపట్నం, చింతపల్లి, పాడేరుల్లో ఒక్కొక్క విడిభాగాల దుకాణానికి వెళ్లి, అల్మరాలో ఆ రోజు ఉన్నవాటినే లెక్కపెట్టాను. "రేపు తెప్పిస్తాం" అన్నదాన్ని సున్నాగా వేశాను.

- ఎక్స్‌డీపీ 4.90: 15కి 2
- ఎక్స్‌డీ3పీ: 15కి 4
- ఎమ్‌డీఐ: 15కి 14

పాడేరు దుకాణంలో పెద్దాయన నా చీటీ చూసి, "ఎమ్‌డీఐ అయితే రాత్రి పదకొండు గంటలకు తలుపు కొట్టినా ఇస్తాను బాబూ. ప్యూజో అయితే పగలు వచ్చినా లేదు" అన్నారు. నిర్ణయం అక్కడ అయిపోయింది. హార్స్ పవర్ అంకె చూసి ఎంచుకుని ఉంటే ఈ ఇంజను నా జాబితాలో చివరన ఉండేది.

కాగితాల సంగతి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను వాహనంలో మార్పుల గురించి చెబుతుంది. ఇంజను మారితే నంబరు, సీసీ రెండూ మారతాయి. అందుకే ముందే రవాణా కార్యాలయంలో రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టాను. అనుమతి కాగితం చేతికి వచ్చాకే పాత ఇంజను మౌంటింగు బోల్టు విప్పాను. అమ్మేవారు బిల్లు, ఇంజను తీసిన బండి కాగితాల నకలు ఇవ్వకపోతే, ఆ ఇంజను ఎంత చవకైనా కొనవద్దు.

ఖర్చు: ప్లైవుడ్డు, సుద్ద, అట్టలు 900, ప్రయాణాలు 2,400.
మొత్తం ఇప్పటికి: రూ. 6,400.

దశ 4: మొదటి కొనుగోలు, మొదటి నష్టం

విజయవాడ ఆటోనగర్‌లో ఎమ్‌డీఐ ఇంజను, గేరుపెట్టె కలిపి 42,000కు కొన్నాను. నేల మీదే నడిపి చూపించారు. శబ్దం బాగుంది, పొగ లేదు. నేను చూడనివి రెండు.

మొదటిది: నేను వెళ్లేసరికే ఇంజను వేడిగా ఉంది. వేడి ఇంజను తన లోపాలను దాచుకుంటుంది. ఇంటికి తెచ్చాక క్రాంకు ముందువెనకల ఆట (ఎంత వదులుగా జరుగుతుందో) డయల్ గేజీతో చూస్తే 0.62 మి.మీ. వచ్చింది. క్రాంకును ముందువెనకలకు జరగకుండా ఆపే థ్రస్ట్ వాషర్లు అరిగిపోయి, క్రాంకు పక్క ముఖాన్నే తినేశాయి.

రెండోది ఇంకా పెద్దది. ఆ గేరుపెట్టె రెండు చక్రాల బండిది, అంటే ఇంజను శక్తి వెనక రెండు చక్రాలకే వెళ్లే బండిది. దాని వెనక చివర పొడవైన తోక ఉంది. శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు బిగించే ముఖమే లేదు. బయట దొరికే ఈ ఇంజన్లలో ఎక్కువ భాగం రెండు చక్రాల బండ్ల నుంచి వచ్చినవే. నేను ముందు నుంచి చూశాను, వెనక నుంచి చూడలేదు.

అమ్మినవారు వెనక్కి తీసుకోలేదు. అదే ఆటోనగర్‌లో ఇంకొకరికి, లోపం చెప్పి, 33,000కు ఇచ్చాను. రానుపోను రవాణా 3,500.

ఈ నష్టం తర్వాత రాసుకున్న వరుస ఇది. ఏ పాత డీజిల్ ఇంజనుకైనా పనికొస్తుంది.

1. ముందుగా ఫోను చేసి, నేను వచ్చేదాకా స్టార్టు చేయవద్దని చెప్పాలి. వెళ్లగానే బ్లాకు మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూడాలి.
2. డిప్‌స్టిక్కు తీసి ఆయిల్ వాసన, రంగు చూడాలి. కొత్త ఆయిల్ మెరుస్తుంటే అనుమానించాలి.
3. క్లచ్చి పెడలు బదులు ప్రెషర్ ప్లేటును కడ్డీతో తోయిస్తూ ముందు పుల్లీ కదలికను గేజీతో చూడాలి.
4. స్టార్టు అయ్యాక ఆయిల్ మూత తీసి బోర్లించి పెట్టాలి. మూత కుదురుగా కూర్చుంటే రింగులు బాగున్నట్టు, ఎగిరి పడితే బోరు అరిగినట్టు.
5. గేరుపెట్టె వెనక ముఖం చూడాలి. దానికి సరిపోయే అట్ట నమూనాను ఇంటి నుంచే కత్తిరించి తీసుకెళ్లాలి.

నికర నష్టం: 12,500.
మొత్తం ఇప్పటికి: రూ. 18,900.

దశ 5: రెండో ఇంజను

ఐదు వారాలు పట్టింది. నాలుగు చక్రాల జీపు నుంచి తీసిన ఎమ్‌డీఐ, దాని బెల్ హౌసింగు, క్లచ్చి, నాలుగు గేర్ల పెట్టె అన్నీ ఒకే బండివి దొరికాయి. 61,000. అట్ట నమూనా వెనక ముఖం మీద సరిగ్గా కూర్చుంది. ఐదు గేర్ల పెట్టె పెడితే రోడ్డు మీద హాయిగా ఉంటుందని కొందరు సలహా ఇచ్చారు. అది పొడవైనది. ట్రాన్స్‌ఫర్ కేసు వెనక్కి జరిగితే, అసలే పొట్టిదైన వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ ఇంకా పొట్టిదై కోణం నిటారుగా అవుతుంది. షాఫ్ట్ చివర్ల కీళ్లు, అంటే క్రాసులు, నిలవవు. వద్దన్నాను.

విప్పి చూసిన కొలతలు: నాలుగు సిలిండర్ల కంప్రెషన్ 26, 26, 25, 26 బార్. క్రాంకు ఆట 0.18 మి.మీ. బోరు పైభాగంలో 88.96, కింద 88.92. బోరు తోమించకుండా రింగులు, బేరింగులు, అన్ని సీళ్లు, గ్యాస్కెట్లు కొత్తవి వేశాను. నాజిళ్లు పరీక్ష బెంచీ మీద పెట్టించాను.

చైన్ పుల్లీకి తూకం కాటా తగిలించి రెండు ఇంజన్లనూ తూచాను. ఆయిల్ లేకుండా, ఫ్లైవీలు, స్టార్టరు, ఆల్టర్నేటరుతో: పాతది 212 కిలోలు, కొత్తది 251. ముందు కమాన్ల (పట్టీల స్ప్రింగుల) మీద 39 కిలోల అదనపు భారం.

ఖర్చు: సెట్టు 61,000, రవాణా 4,000, విడిభాగాలు, నాజిళ్ల పని 21,600.
మొత్తం ఇప్పటికి: రూ. 1,05,500.

దశ 6: కూర్చోబెట్టడం

ఇంజను పొడవు, వెడల్పు, సంపు లోతు ప్రకారం ప్లైవుడ్డుతో డొల్ల నమూనా చేశాను. ఒక మనిషి ఎత్తి దించగలిగే నమూనాతో చేసే తప్పు ఖరీదు వంద రూపాయలు. 251 కిలోలతో చేసే తప్పు ఖరీదు వేలల్లో ఉంటుంది.

1. ముందు కమాన్లలో పెద్ద పట్టీ ఒక్కటి ఉంచి మిగతావి తీసేశాను.
2. రబ్బరు స్టాపరుకు ఆనేదాకా ఇరుసును జాకీతో లేపాను. గోతిలో పడినప్పుడు ఇరుసు వచ్చే చోటు అదే.
3. సంపు అడుగుకూ ఇరుసు గొట్టానికీ మధ్య ఖాళీ: 14 మి.మీ. నాకు కావాల్సింది కనీసం 35.
4. మౌంటింగులు 25 మి.మీ. పైకి. ఖాళీ 39. రాకర్ కవరు మీద బానెట్టుకు 16 మి.మీ. మిగిలింది. సరిపోయిందనుకున్నాను.

బ్రాకెట్లు వెల్డింగు చేసి అసలు ఇంజను దించాక బానెట్టు మూసుకోలేదు. నా నమూనాలో ఆయిల్ పోసే మూత లేదు. అది రాకర్ కవరు కంటే పైకి ఉంటుంది, బానెట్టు లోపలి పట్టీకి తగిలింది. మేస్త్రీ గారు బానెట్టుకు రంధ్రం కోసి బుడిపె పెడదామన్నారు. వద్దని బతిమాలాను. ఈ జీపు బానెట్టు గీత మా నాన్నగారికి ఇష్టం. బ్రాకెట్లు కోసి 10 మి.మీ. దించాము. కింద ఖాళీ 29కి తగ్గింది. రబ్బరు స్టాపర్ల కింద 12 మి.మీ. ఇనుప దిమ్మలు వేశాము. ఇరుసు అంత ముందుగానే ఆగుతుంది, ఖాళీ 41 అయింది. కమాను కదలిక కొంచెం తగ్గింది, అది ఒప్పుకున్నాను.

నమూనా చేసేవారికి ఒక విన్నపం: ఆయిల్ మూత, ఎయిర్ ఫిల్టరు మోచేయి, ఫ్యాను, ఆల్టర్నేటరు బెల్టు సర్దే చోటు, స్టార్టరు విప్పడానికి పానా తిరిగే ఖాళీ కూడా నమూనాలో చేర్చండి.

మొదటి ఘాటు పరీక్షలో, ఏప్రిల్ మధ్యాహ్నం లంబసింగి ఎక్కుతుంటే, రెండో గేరులో ఉష్ణోగ్రత 103 డిగ్రీలు చూపించింది. రేడియేటరు కొత్త కోరుతో ఉంది, థర్మోస్టాటు బాగుంది. కారణం ఫ్యాను కేంద్రం రేడియేటరు కేంద్రం కంటే 60 మి.మీ. కిందికి ఉండటం. పైభాగం నుంచి గాలి లాగడమే లేదు. 1 మి.మీ. రేకుతో రేడియేటరు మొత్తాన్ని కప్పే తొడుగు చేయించి, ఫ్యాను రెక్క అంచుకూ తొడుగుకూ మధ్య 15 మి.మీ. ఉంచాను. మళ్లీ అదే ఘాటు, అదే సమయం, అదే బరువు: 91 డిగ్రీలు. 900 రూపాయల రేకు పని, 7,200 పెట్టిన కోరు చేయలేనిది చేసింది.

ఖర్చు: మౌంటింగులు 4,800, రేడియేటరు కోరు 7,200, తొడుగు 900, సైలెన్సరు గొట్టం 3,300.
మొత్తం ఇప్పటికి: రూ. 1,21,700.

దశ 7: పళ్ల నిష్పత్తి

నెల రోజులు 5.38తోనే నడిపాను. ఘాటులో దివ్యంగా ఉంది, మూడో గేరులో ఎక్కే మలుపులు పెరిగాయి. నర్సీపట్నం నుంచి విశాఖ వైపు రోడ్డు మీద మాత్రం 60 దగ్గర 2420 చుట్ల మోత, గంట ప్రయాణానికే చేతులు తిమ్మిరెక్కేవి. 39 పళ్లు, 8 పళ్ల జత, అంటే 4.88 పెడితే అదే 60కి 2200 చుట్లు చాలు. గరిష్ఠ వేగం 79 నుంచి 87కు పెరుగుతుంది.

వెనకది మాత్రమే మార్చి, ముందుది తర్వాత చూద్దామని ఎవరు చెప్పినా వినకండి. నాలుగు చక్రాల లివరు వేసిన క్షణం ముందు, వెనక ఇరుసులు ఒకే గొలుసుకు కట్టిన ఎద్దుల్లా అవుతాయి. 43కూ 39కీ తేడా పది శాతం. ఒక ఇరుసు వంద మీటర్లు నడిస్తే రెండోది నూటపది నడవాలని లాగుతుంది. బురదలో చక్రాలు జారి సర్దుకుంటాయి, గట్టి నేల మీద ట్రాన్స్‌ఫర్ కేసు పళ్లు రాలతాయి.

రెండు ఇరుసులకూ "సరిజోడు" అని ఇచ్చిన జతలు తెచ్చాను. బల్ల మీద పెట్టి పళ్లు లెక్కపెడితే వెనక జత 39, 8. ముందు జత 43, 8. మీద పెయింటుతో రాసిన అంకె రెండింటికీ ఒకటే. ఈసారి అమ్మినవారు మర్యాదగా మార్చి ఇచ్చారు. కొత్త జతలకు షిమ్ములు (సర్దుబాటు రేకులు) పెట్టి, పళ్ల మధ్య ఆట వెనక 0.17, ముందు 0.15 మి.మీ. వచ్చేలా బిగించాము. పళ్ల మీద రంగు పూసి తిప్పితే ముద్ర మధ్యలో పడింది.

బరువు వల్ల ముందు భాగం 14 మి.మీ. దిగింది. కాటా మీద ముందు ఇరుసు భారం 610 నుంచి 650 కిలోలు అయింది. ఒక్కో వైపు ఒక్కో పట్టీ చేర్చాను. పాత పట్టీలు, బోల్టులే సరిపోయాయి, ఖర్చు లేదు.

ఖర్చు: జతలు 14,000, బేరింగులు, షిమ్ములు, కూలి 6,500.
పాత ఇంజను విడిభాగాలుగా అమ్మితే వచ్చింది: 9,000. ఎక్స్‌డీపీ ఇంకా నడుపుతున్న ఒకరికి ఇంధన పంపు, క్రాంకు చేరాయి.
మొత్తం ఇప్పటికి: రూ. 1,33,200.

ఇప్పటి స్థితి

మూడు ట్యాంకుల సగటు లీటరుకు 12.8 కిలోమీటర్లు. పాత ఇంజను మంచి రోజుల్లో 10.5 ఇచ్చేది. మొదటి 500 కిలోమీటర్లకు ఆయిల్ మార్చి, హెడ్డు బోల్టులు మళ్లీ బిగించాను, రెండు బోల్టులు మాత్రమే కొంచెం తిరిగాయి. క్రాంకు వెనక సీలు దగ్గర చెమ్మ కనిపిస్తోంది, చుక్క పడటం లేదు. కింద తెల్ల అట్ట పరిచి రోజూ ఉదయం చూస్తున్నాను.

నిన్న రవాణా కార్యాలయంలో తనిఖీ. ఇన్‌స్పెక్టరు గారు అనుమతి కాగితం, బిల్లు చూసి, ఇంజను నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దారు. గ్రీజు వల్ల రెండు అంకెలు సరిగా పడలేదు. డీజిల్ గుడ్డతో తుడిచి మళ్లీ రుద్దితే అన్నీ వచ్చాయి. తనిఖీకి వెళ్లేముందు ఆ చోటును వైరు బ్రష్షుతో శుభ్రం చేసుకోండి. కొత్త సీసీ, కొత్త నంబరుతో కార్డు రావాల్సి ఉంది. అది వచ్చాక బీమా కంపెనీకి నకలు పంపాలి, ఆ తర్వాతే జీపు మళ్లీ పాడేరు ఎక్కుతుంది.